అమ్మతో ఒక రోజంతా బీబీసీ వన్ ముందు

విభాగం: యూకే తెలుగువాళ్ళు › ఇల్లూ వాకిలీ

తెనాలి_శీను · మంగళవారం రాత్రి 11:40

పోయిన శనివారం బ్యాడ్మింటన్ ఆడుతుంటే మడమ మెలిపడింది. నాలుగు రోజులు కాలు కదపొద్దన్నారు. మా ఆవిడ ఆరున్నరకే డ్యూటీకి వెళ్ళిపోతుంది, పాపని ఎదురింటివాళ్ళు బడికి తీసుకెళ్తున్నారు. ఇంట్లో మిగిలింది నేనూ, సోఫా, తెనాలి నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చిన మా అమ్మా. డెర్బీలో నవంబరు సంగతి తెలిసిందే కదా, నాలుగున్నరకల్లా లైట్లు వేసుకోవాలి.

అమ్మ వచ్చి రెండు నెలలైంది. ఈ రెండు నెలల్లో మాకు తెలియకుండా ఆవిడకి బీబీసీ వన్ అలవాటైపోయింది. తెలుగు చానళ్ళ బాక్సు ఉంది కానీ దానికి రెండు రిమోట్లు. ఏది ఎందుకో గుర్తుండక, టీవీ పెట్టగానే వచ్చే ఒకటో నంబరు చానల్‌ని అలాగే ఉంచేస్తోంది. ఈరోజు నేనూ పక్కన కూర్చుని పొద్దున్నుంచి రాత్రి దాకా చూశాను. పదమూడేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను కానీ ఒక చానల్‌ని ఇలా ఒక రోజంతా చూడటం ఇదే మొదలు.

ఆరింటి నుంచి తొమ్మిదిన్నర దాకా బ్రేక్‌ఫాస్ట్. ఎర్ర సోఫా, ఇద్దరు యాంకర్లు, అవే వార్తలు మళ్ళీ మళ్ళీ. అమ్మకి వాటితో పని లేదు. తెర మూల టైము పడుతుంది చూడండి, అదీ ఆవిడకి కావలసింది. ఏడింపావు చూసి పాలు పెడుతుంది, ఏడూ నలభై చూసి పాపకి జడ వేస్తుంది. గోడ గడియారం బ్యాటరీ అయిపోయి మూడు వారాలైందని ఈరోజే తెలిసింది నాకు.

తర్వాత మార్నింగ్ లైవ్. డాక్టర్లొచ్చి మోకాళ్ళ గురించి, పోషణ గురించి చెప్పే ప్రోగ్రామ్. ఆ టైములో అమ్మ కూరలు తరిగింది. పదకొండుంపావుకి మాత్రం చేతులు తుడుచుకుని వచ్చి బుద్ధిగా కూర్చుంది. హోమ్స్ అండర్ ద హ్యామర్. వేలంలో పాడుబడ్డ ఇల్లు కొంటారు, బాగు చేస్తారు, చివర్లో ఏజెంట్లొచ్చి ఇప్పుడెంత పలుకుతుందో చెబుతారు. 2003 నుంచి ఇదే తంతు. ఇవాళ స్టోక్‌లో ఓ ఎర్ర ఇటుకల ఇల్లు. అమ్మ ఇల్లంతా చూసి తేల్చేసింది: "ఈశాన్యంలో మరుగుదొడ్డి పెట్టాడు శీనూ. వీడికి లాభం రాదు." దిక్కులు ఎలా తెలిశాయమ్మా అంటే కిటికీలోంచి పడే ఎండ చూపించింది. చివరికి వాడికి మంచి లాభమే వచ్చింది. అమ్మ ఒప్పుకోలేదు, "ఇంకా ఇంట్లో దిగలేదుగా, అప్పుడు తెలుస్తుంది" అంది.

పన్నెండుంపావుకి బార్గెయిన్ హంట్. ఇది ఆవిడ ప్రాణం. తెలియనివాళ్ళకి: ఎర్ర చొక్కాల జట్టు, నీలం చొక్కాల జట్టు. ఒక్కో జట్టుకి 300 పౌండ్లు, ఒక గంట. పాత సామాన్ల సంతలో తిరిగి మూడు వస్తువులు కొనాలి. తర్వాత వాటిని వేలానికి పెడతారు. లాభమొస్తే వాళ్ళదే. ఎక్కువసార్లు నష్టమే.

ఇవాళ ఎర్రవాళ్ళు ఒక పాత ఇత్తడి పాత్ర చేతికి తీసుకున్నారు. జామ్ కాచుకునేది, రెండు చెవులతో అచ్చం మన గుండిగలా ఉంది. అమ్మ సోఫా అంచుకి జరిగింది. "మోగించి చూడరేం? వేలితో కొడితే తెలియదూ బీట ఉందో లేదో!" వాళ్ళు మోగించలేదు. కింద ఏదో ముద్ర ఉందా అని భూతద్దం పెట్టి చూసి, 45 పౌండ్లకి కొన్నారు. అమ్మకి పౌండంటే వంద రూపాయలు. ఇంకా ఎక్కువమ్మా అని చెప్పినా, లెక్క సులువని వందే పట్టుకుంది. "నాలుగువేల ఐదొందలా! మన అటక మీద ఇలాంటివి మూడున్నాయి." వేలంలో అది 28కి పోయింది. అమ్మ మొహంలో సంతోషం చూడాలి.

ఒంటిగంటకి వార్తలు, అన్నాలు. ఈ వార్తలు 2024 నుంచి గంటసేపు చేశారు, అదీ లండన్ నుంచి కాకుండా సాల్ఫర్డ్ నుంచి. మధ్యాహ్నం ఎస్కేప్ టు ద కంట్రీ వచ్చింది. ఊళ్ళోంచి పల్లెకి పోదామనుకునే దంపతులకి మూడు ఇళ్ళు చూపిస్తారు. వంటిల్లు బాగుందంటారు, తోట అద్భుతమంటారు, చివర్లో "ఆలోచించుకుంటాం" అని కారెక్కుతారు. అమ్మ అంది కదా, "ఇవి ఇళ్ళు చూడ్డం కాదురా, పెళ్ళిచూపులు. స్వీటూ హాటూ తినేసి, ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తామనే రకం."

నాలుగున్నరకి రిపేర్ షాప్. ససెక్స్‌లో ఒక పాత కొట్టాం. జనం ఇళ్ళల్లోంచి చెడిపోయినవి తెస్తారు. బొమ్మలు, గడియారాలు, కుర్చీలు. డబ్బు తీసుకోకుండా బాగుచేసి ఇస్తారు. ఇవాళ ఒక పెద్దావిడ వాళ్ళ నాన్నగారి రేడియో తెచ్చింది. బాగుచేశాక మీద గుడ్డ కప్పి ఉంచి, ఆవిడొచ్చాక తీశారు. మీట తిప్పగానే గరగరమని మోగింది. ఆవిడ ఏడ్చింది. మా అమ్మా ఏడ్చింది. కాసేపాగి "మీ నాన్నగారి మర్ఫీ అటక మీదే ఉంది" అంది. ఆ పైన ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

తర్వాత పాయింట్‌లెస్ అనే క్విజ్. అందులో ఎవరికీ తట్టని సరైన జవాబు చెప్పినవాళ్ళకి సున్నా వస్తుంది, సున్నాయే గొప్ప. అది వివరిస్తే, "మీ నాన్నగారి టైములో ఈ ఆట ఉంటే మనం మేడ కట్టేవాళ్ళం" అంది. ఆరింటికి వార్తలు, ఆరున్నరకి ఈస్ట్ మిడ్‌ల్యాండ్స్ టుడే, ఏడింటికి ద వన్ షో. ఇవి గోడకి కొట్టిన మేకుల్లా రోజూ అదే చోట. ఏడున్నరకి ఈస్ట్‌ఎండర్స్ సీరియల్. అమ్మకి ఒక్కరి పేరూ తెలీదు, గొడవలన్నీ తెలుసు. "ఆ గుండాయన తలుపు తీసుకుని వచ్చాడంటే ఎవరికో మూడిందే." చివర్న ఆ డ్రమ్ము దెబ్బలు పడగానే లేచి చపాతీల పిండి కలపడానికి వెళ్ళింది.

పది గంటల వార్తలు చూడకుండానే పడుకుంది.

ఇప్పుడు నా డౌట్లు. ఒకటి, ఇంగ్లీషు రాని మనిషికి ఇంకేమైనా చానళ్ళు చెప్పండి. రెండు, సబ్‌టైటిల్స్ పెడితే ఏమైనా ఉపయోగమా? మూడు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు టీవీ చూస్తే వేరే టీవీ లైసెన్సు (ఇక్కడ టీవీకి ఏటా కట్టే ఫీజు) కట్టాలని ఒక మిత్రుడు టెన్షన్ పెట్టాడు. నిజమేనా?

---

కార్డిఫ్_కరుణ · బుధవారం పొద్దున 7:05

పెళ్ళిచూపుల పోలికకి టీ పొలమారింది అన్నయ్యా.

మా అత్తగారి కథ వినండి. ఇక్కడ వేల్స్‌లో నాలుగో నంబరు నొక్కితే ఎస్‌ఫోర్‌సీ వస్తుంది, అంటే వెల్ష్ భాష చానల్. ఆవిడ వచ్చిన కొత్తలో వారం పాటు అదే చూసింది. అందులో పోబల్ ఉ కుమ్ అని ఒక పల్లెటూరి సీరియల్ ఉంది, 1974 నుంచి నడుస్తోంది. ఒకరోజు నాతో అంది, "కరుణా, ఇంగ్లీషు నేననుకున్నంత కష్టమేం కాదే. కాస్త కాస్త తెలుస్తోంది." నేను ఇప్పటికీ ఆవిడకి నిజం చెప్పలేదు.

---

ఓరుగల్లు_పిల్లోడు · బుధవారం పొద్దున 8:50

అన్నా, రాసిన తీరు మంచిగుంది గానీ, ఇదంతా చదివితే నాకైతే చిరాకొచ్చింది. పొద్దుగాల ఇల్లు అమ్ముడు, మధ్యాహ్నం ఇల్లు చూసుడు, మధ్యలో పాత సామాను. దీనికోసం ఏడాదికోసారి లైసెన్సు కట్టాలె, 2025 ఏప్రిల్‌ల అది 174.50 పౌండ్లు అయింది. నేను క్రికెట్ కోసం వేరే చందా కడుతున్న, సినిమాలకి వేరే. బీబీసీ చూడకున్నా ఇంకేదైనా చానల్ లైవ్‌ల చూస్తే లైసెన్సు కట్టాల్సిందే. ఏం లెక్క ఇది?

ఇక వేలం గురించి చెప్పాలంటే, మా దగ్గర బాలాపూర్ లడ్డూ వేలం చూసినోళ్ళకి ఈ 28 పౌండ్ల గుండిగ ఏం ఆనుతది!

---

తెనాలి_శీను · బుధవారం పొద్దున 9:20

@ఓరుగల్లు_పిల్లోడు బాలాపూర్‌లో పాట పాడినవాళ్ళు లాభం కోసం పాడరు కదా తమ్ముడూ. ఇక్కడ నాలుగు పౌండ్లు మిగిలితే కాలు గాల్లోకి విసిరి చిందులేస్తారు. అదే తమాషా.

---

పాతకాపు_లెస్టర్ · బుధవారం మధ్యాహ్నం 2:15

ఓరుగల్లు బాబు కోప్పడితే కోప్పడ్డాడు గానీ, పగటిపూట టీవీ లేని రోజులు చూసినవాణ్ణి నేను. కాస్త పెద్దగా రాస్తాను, ఓపికుంటే చదవండి.

1981లో గుంటూరు మెడికల్ కాలేజీ నుంచి ఇక్కడికొచ్చి హౌస్ ఆఫీసరుగా, అంటే జూనియర్ డాక్టరుగా చేరాను. నైట్ డ్యూటీ చేసి పొద్దున తొమ్మిదింటికి క్వార్టర్స్‌కి వచ్చేవాణ్ణి. నిద్ర పట్టేది కాదు. టీవీ పెడితే బడిపిల్లల పాఠాలు, లేదా టెస్ట్ కార్డు, అంటే ప్రోగ్రాములు లేనప్పుడు వేసే కదలని బొమ్మ. ఒక చిన్నపిల్ల, పక్కన బట్టబొమ్మ, ఆ పిల్ల నల్లబల్ల మీద ఇంటూ మార్కులూ సున్నాలూ ఆడుతూ ఉంటుంది. ఆ ఇంటూ మార్కు సరిగ్గా తెర నడిమధ్య పడుతుంది. టీవీ మెకానిక్కులు దాన్నిబట్టి తెర సర్దేవారట. నేను మాత్రం ఆ పిల్లతోనే టీ తాగేవాణ్ణి. వెనక ఏదో సన్నాయి నొక్కుల్లాంటి సంగీతం. ఆ పిల్ల ఎత్తు ఎప్పటికీ పెరగలేదు.

తర్వాత టెస్ట్ కార్డు స్థానంలో సీఫాక్స్ పేజీలు ఎక్కువయ్యాయి. నల్ల తెర మీద రంగు రంగు అక్షరాలతో వార్తలు, వాతావరణం, క్రికెట్ స్కోర్లు. ఇంటర్నెట్టు లేని రోజుల్లో భారత జట్టు స్కోరు తెలియాలంటే అదే దిక్కు. పేజీ తిరిగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. 2012 అక్టోబరులో దాన్ని ఆపేశారు.

ఒంటిగంటకి పెబుల్ మిల్ ఎట్ వన్ వచ్చేది. బర్మింగ్‌హామ్ బీబీసీ భవనం ముందు హాల్లో కూర్చుని మాట్లాడుకునేవారు, వెనక అద్దాల్లోంచి వచ్చేపోయే జనం కనిపించేవాళ్ళు. అదయ్యాక మళ్ళీ చాలాసేపు ఏమీ ఉండేది కాదు. 1983 జనవరిలో పొద్దుటి ప్రోగ్రామ్ మొదలైంది. 1986 అక్టోబరు 27న బీబీసీ వన్ పగలంతా నడవడం మొదలైంది. ఆస్ట్రేలియా సీరియల్ నైబర్స్ కూడా ఇక్కడ ఆ రోజే మొదలు. మా ఆవిడ అప్పుడు పిల్లాడితో ఇంట్లో ఒంటరిగా ఉండేది. ఇంగ్లీషు నైబర్స్‌లోనే నేర్చుకుంది. ఇప్పటికీ కొన్ని మాటలు ఆస్ట్రేలియా యాసలో పలుకుతుంది, పిల్లలు ఏడిపిస్తుంటారు.

రాత్రి చానల్ మూసేటప్పుడు "గాడ్ సేవ్ ద క్వీన్" వాయించేవారు. ఆ తర్వాత తెర నల్లబడి, టీవీ ఆపడం మర్చిపోయినవాళ్ళని లేపడానికి ఒక చెవులు గీరే కూత. 1997 నవంబరులో 24 గంటల వార్తల చానల్ వచ్చాక రాత్రుళ్ళు దాన్నే బీబీసీ వన్‌లో కలిపేశారు. మూతపడటమనేదే లేకుండా పోయింది.

ఇంకో చిత్రం. నేను రాకముందు సంగతి, మా సీనియర్ నర్సు చెప్పేది. 1957 దాకా సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు దేశంలో ఎక్కడా టీవీ ప్రసారం ఉండకూడదని రూలు. ఎందుకంటే ఆ గంటలో తల్లులు పిల్లల్ని పడుకోబెట్టుకోవాలి! శీను గారు మేకుల్లా ఉన్నాయన్న ఆ ఆరింటి వార్తల చోట అప్పట్లో అక్షరాలా ఖాళీ తెర.

మనవాళ్ళ కోసం ఆదివారం పొద్దున "నయీ జిందగీ నయా జీవన్" వచ్చేది, హిందీ ఉర్దూలో. తెలుగు అసలు ఊసే లేదు. తొంభైల మొదట్లో బీబీసీ టూలో మహాభారతం సీరియల్ ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో వేశారు. మా వార్డులో ఒక తెల్ల నర్సు వచ్చి "డాక్టర్, ఆ ముసలాయన బాణాల మీద పడుకున్నాడు, ఎప్పుడు చనిపోతాడు?" అని అడిగింది. ఉత్తరాయణం దాకా ఆగాలమ్మా అని చెప్పాను.

---

శీను_ఎదురిల్లు · బుధవారం మధ్యాహ్నం 3:02

డాక్టర్ గారూ, భీష్ముడి దగ్గర ఆపేశారేంటి, ఇంకా రాయండి.

---

బామ్మగారి_మనవరాలు · బుధవారం సాయంత్రం 6:30

శీను గారూ, మీ మొదటి డౌటుకి నా సమాధానం: చానల్ ఫోర్‌లో కౌంట్‌డౌన్. 1982 నవంబరు 2న ఆ చానల్ మొదలైనప్పుడు మొట్టమొదట వేసిన ప్రోగ్రామే ఇది, ఇంకా నడుస్తోంది. అక్షరాల ఆట పెద్దవాళ్ళకి అనవసరం. అంకెల ఆట చూపించండి. ఆరు అంకెలిస్తారు, ఒక మూడంకెల సంఖ్య పడుతుంది. 30 సెకన్లలో ఆ ఆరింటిలో కావలసినవి వాడుకుని, కూడి, తీసి, గుణించి, భాగించి ఆ సంఖ్య తేవాలి.

మా అమ్మమ్మది కాకినాడ దగ్గర పల్లె. ఐదో తరగతి చదివింది. పోయినేడాది ఇక్కడ మూడు నెలలుంది. ఒకరోజు 100, 25, 8, 6, 4, 3 వచ్చాయి, తేవలసింది 784. నేను కాగితం వెతుక్కునే లోపే ఆవిడ పైకే అనేసింది: "ఎనిమిది వందలకి పదహారు తక్కువ. పదహారంటే రెండు ఎనిమిదులు. అంటే తొంభై ఎనిమిది ఎనిమిదులు." ఆరులోంచి నాలుగు పోతే రెండు, వందలోంచి అది తీసి, ఎనిమిది పెట్టి హెచ్చవేశాం. నేను మాస్టర్స్ చదువుకున్నాను ఇక్కడ, సిగ్గేసింది.

మీ అమ్మగారు గుండిగల లాభనష్టాలు నోటితో కడుతున్నారంటే ఇది ఆవిడకి సరిగ్గా సరిపోతుంది.

---

సబ్‌టైటిల్_సుధ · బుధవారం రాత్రి 9:10

రెండో డౌటు నాకొదిలేయండి. నాకు చిన్నప్పటి నుంచి ఎడమ చెవి వినపడదు, కుడిది సగం. సబ్‌టైటిల్స్ లేకుండా నాకు టీవీ లేదు. బీబీసీ తన పెద్ద చానళ్ళలో ప్రోగ్రాములన్నిటికీ సబ్‌టైటిల్స్ ఇవ్వడం 2008 నుంచి చేస్తోంది. పాతకాపు గారు చెప్పిన సీఫాక్స్‌లో 888 నొక్కితే వచ్చేవి, ఇప్పుడు రిమోట్లో బటన్.

లైవ్ ప్రోగ్రాములకి ఎలా వేస్తారో తెలుసా? ఒక మనిషి హెడ్‌ఫోన్ పెట్టుకుని, టీవీలో మాట్లాడేవాళ్ళ మాటలు విని, అవే మాటలు స్పష్టంగా, ఉప్పూ కారం లేకుండా మైకులో తిరిగి చెబుతాడు. కామా, ఫుల్‌స్టాప్ కూడా నోటితోనే చెప్పాలి. కంప్యూటరు అది విని అక్షరాలు వేస్తుంది. అందుకే మాటకీ అక్షరానికీ కొన్ని సెకన్ల తేడా. అప్పుడప్పుడు కంప్యూటరు ఒకటి వింటే ఇంకోటి వేస్తుంది, వార్తల్లో నవ్వు ఆపుకోలేం. మా పాపకి ఆ తప్పులు పట్టుకోవడం ఒక ఆట.

అమ్మగారికి ఇంగ్లీషు అక్షరాలు చదవడం వస్తే పెట్టండి. ముందే రికార్డు చేసిన రిపేర్ షాప్ లాంటి వాటికి తప్పుల్లేకుండా, మాటతో కలిసి వస్తాయి. రాకపోతే వద్దు, మొహాలు చూడనివ్వకుండా అడ్డం. నిజం చెప్పాలంటే ఆవిడ చూస్తున్న పద్ధతే నాది కూడా. మొహం చూసి, చెయ్యి చూసి, కథ పట్టుకోవడం.

---

కృష్ణలంక_కుర్రాడు · గురువారం పొద్దున 10:00

లైసెన్సు సంగతి: చుట్టాలకి వేరే అక్కర్లేదు. లైసెన్సు ఇంటికి, మనుషులకి కాదు. మీ ఇంటికి ఉంటే అమ్మగారు హాయిగా చూడొచ్చు. మీ మిత్రుడికి టెన్షన్ పెట్టడం సరదా అనుకుంటా.

ఓరుగల్లు బ్రదర్, లైవ్‌లో ఏ చానలూ చూడకపోతే, బీబీసీ ఆన్‌లైన్‌లో చూపించే ఐప్లేయర్ కూడా వాడకపోతే కట్టక్కర్లేదు. నువ్వు క్రికెట్ లైవ్‌లో చూస్తావు కాబట్టి దొరికిపోయావు. బ్లాక్ అండ్ వైట్ టీవీ పెట్టుకో, 2025లో 58.50 పౌండ్లకే ఇచ్చేవాళ్ళు. నిజంగానే ఆ లైసెన్సు ఇంకా ఉంది.

---

ఓరుగల్లు_పిల్లోడు · గురువారం పొద్దున 10:25

బ్లాక్ అండ్ వైట్‌ల బంతి ఎర్రదో తెల్లదో ఎట్ల తెలుస్తది అన్నా 😂

సరే, ఒకటి ఒప్పుకుంటా. యాడ్స్ లేవు. మొన్న మా ఇంట్ల వేరే చానల్‌ల సినిమా పెడితే మూడు గంటలు పట్టింది. కానీ డబ్బు కట్టాలా వద్దా అన్నది నన్ను అడగాలె. అదొక్కటే నా మాట, దాన్ని వదిలిపెట్ట.

---

జెన్‌కో_రిటైర్డ్ · గురువారం సాయంత్రం 5:45

నమస్కారం. నేను శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌లో పనిచేసి రిటైరయ్యాను. ప్రస్తుతం మిల్టన్ కీన్స్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. ఇక్కడ ఎవరూ అడగని విషయం ఒకటి చెబుతాను, అలవాటు పోదు కదా.

శీను గారమ్మ ఈస్ట్‌ఎండర్స్ అయిపోగానే లేచి పిండి కలపడానికి వెళ్ళిందన్నారు. ఈ దేశంలో లక్షల మంది అదే నిమిషానికి లేచి టీ కెటిల్ ఆన్ చేస్తారు. ఒక్కో కెటిల్ రెండున్నర, మూడు కిలోవాట్లు లాగుతుంది. మీరే లెక్క వేసుకోండి. దీన్ని ఇక్కడి కరెంటువాళ్ళు టీవీ పికప్ అంటారు. 1990 జులై 4న ప్రపంచకప్ ఫుట్‌బాల్ సెమీఫైనల్లో ఇంగ్లండ్, పశ్చిమ జర్మనీ పెనాల్టీలు ముగిసిన క్షణంలో గిరాకీ ఒక్కసారిగా 2,800 మెగావాట్లు పెరిగింది. మన విజయవాడ థర్మల్ మొత్తం నడిచినా అందని లెక్క అది.

అందుకని గ్రిడ్ కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్ళు టీవీ ప్రోగ్రాముల పట్టిక ముందేసుకునేవారు. సీరియల్ ఎన్నింటికి అయిపోతుంది, మ్యాచ్‌కి ఎక్స్‌ట్రా టైం పడుతుందా, అన్నీ చూసుకోవాలి. ఆ క్షణానికి అందుకునేది వేల్స్‌లో లాన్‌బెరిస్ ఊరి పక్కన డినోర్విగ్ జలవిద్యుత్ కేంద్రం. పాత పలకరాతి గనుల కొండని తొలిచి లోపల కట్టారు, 1984లో మొదలైంది. రాత్రి కరెంటు మిగిలినప్పుడు నీళ్ళు పైచెరువుకి తోడతారు, కావాల్సినప్పుడు కిందికి వదులుతారు. యూనిట్లని నీళ్ళు లేకుండా ముందే ఉత్త గాల్లో తిప్పుతూ సిద్ధంగా ఉంచితే 20 సెకన్లలోపే వెయ్యి మెగావాట్లకి పైగా ఇస్తాయి.

మా ఎడమగట్టులో కూడా 150 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లు, అన్నీ రివర్సిబుల్. అదే సూత్రం, నీళ్ళు వెనక్కి తోడొచ్చు. కానీ మా డ్యూటీలో సీరియల్ ఎప్పుడైపోతుందో చూసుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. మన దగ్గర సీరియల్ అవగానే ఎవరూ కెటిల్ పెట్టరు, తర్వాతి సీరియల్ మొదలవుతుంది.

ఇప్పుడు జనం ఎవరికి కుదిరినప్పుడు వాళ్ళు ఫోన్లలో చూస్తున్నారు కాబట్టి ఆ దూకుడు బాగా తగ్గిందని మా అబ్బాయి అంటున్నాడు. తగ్గే ఉంటుంది.

---

పాతకాపు_లెస్టర్ · గురువారం రాత్రి 8:20

జెన్‌కో గారూ, నలభై నాలుగేళ్ళుగా ఇక్కడున్నాను, నా కెటిల్ వెనక ఒక కొండ ఉందని ఇప్పుడే తెలిసింది.

శీను బాబూ, మీ నాన్నగారి మర్ఫీ గురించి. ఆ కంపెనీ పుట్టింది ఇక్కడే, లండన్‌కి ఉత్తరాన వెల్విన్ గార్డెన్ సిటీలో, 1929లో. మనవాళ్ళు వేలు నోటి దగ్గర పెట్టుకున్న పాపాయి బొమ్మ చూసి స్వదేశీ అనుకునేవాళ్ళు. వాల్వులు పోయినా దొరుకుతాయి. పారేయొద్దని అమ్మగారికి చెప్పండి.

---

తెనాలి_శీను · ఆదివారం సాయంత్రం 4:10

అందరికీ థాంక్స్. కాలు నయమైంది, రేపట్నుంచి ఆఫీసు. కౌంట్‌డౌన్ పెట్టి చూపించాను. అంకెల ఆట నచ్చింది కానీ, "ఆ గడియారం కంగారు పెడుతోందిరా" అంది. సబ్‌టైటిల్స్ పెడితే ఐదు నిమిషాలకే తీసేయమంది. సుధ గారు చెప్పినట్టే, మొహాలకి అడ్డమట.

చలికాలం కదా, వాతావరణం చెప్పేవాడు వాన గురించి పది రకాలుగా చెబుతున్నాడు. ఏమంటున్నాడని అమ్మ అడిగితే, తుంపర, జల్లు, ముసురు అని నేను తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. జడివాన అన్నమాట ఒక్కసారీ రాలేదు. "ఇంతేనా, ఇక్కడ గట్టిగా కురవనే కురవదా" అని నిరాశపడింది.

---

కార్డిఫ్_కరుణ · ఆదివారం సాయంత్రం 4:30

గట్టిగా కురిసేది చూడాలంటే మా ఊరు తీసుకురండి ఆంటీని.

---

తెనాలి_శీను · ఏప్రిల్, బుధవారం రాత్రి 10:15

పాత దారాన్ని పైకి తెస్తున్నందుకు మోడరేటర్లు క్షమించాలి. అమ్మ ఫిబ్రవరి చివర్లో వెళ్ళిపోయింది. ఐప్లేయర్ ఇండియాలో రాదు కదా. అందుకని రోజూ సాయంత్రం ఆరున్నరకి ఫోన్. ఎందుకంటే ఇక్కడ ఒంటిగంటకి బార్గెయిన్ హంట్ అయిపోతుంది, చలికాలంలో అప్పుడు అక్కడ ఆరున్నర. "ఎర్రవాళ్ళా, నీలంవాళ్ళా?" నేను లంచ్‌లో చివరి పది నిమిషాలు ఫోన్లో చూసి పెట్టుకుంటున్నాను, ఏం చేస్తాం.

మార్చి చివర గడియారాలు గంట ముందుకి జరిపారని చెప్పడం మర్చిపోయాను. ఆరున్నరకే చేసింది, ఇక్కడ నాకు రెండింటి మీటింగు మొదలవుతోంది. "ఇప్పుడే అయిందా?" అంది. గంటైందమ్మా అంటే, గంట నుంచి తెలిసి కూడా చెప్పలేదని కోపం. నీలంవాళ్ళు నాలుగు పౌండ్ల లాభమని చెప్పి శాంతింపజేశాను.

అసలు రాయడానికి కారణం వేరే. మర్ఫీని అటక దింపించింది. మార్కెట్ దగ్గర పాత రేడియోలు బాగుచేసే ఆయనొకరు ఇంకా ఉన్నారట, పన్నెండొందలు అడిగితే తొమ్మిదొందలకి బేరం కుదిర్చింది. పెట్టె తుడిచి, రెండు వాల్వులు మార్చి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి నాకు వీడియో కాల్ చేసి, మీద కప్పిన కండువా నా కళ్ళ ముందే తీసింది. టీవీలో చూసి నేర్చుకున్నదే. మీట తిప్పింది. గరగర, తర్వాత ఏదో హిందీ పాట. రెండు నిమిషాలు అలాగే విన్నాం.

"బాగుంది గానీ శీనూ, విజయవాడ పట్టుకోవడం లేదు" అంది. ఎవరైనా తెలిసినవాళ్ళుంటే చెప్పండి, ఏం చేయాలి?

---

జెన్‌కో_రిటైర్డ్ · గురువారం పొద్దున 6:10

రేడియో వెనక ఏరియల్ అని రాసి ఉన్న రంధ్రంలో రాగి తీగ పెట్టి, రెండో కొస మేడ మీద బట్టలారేసే దండేనికి కట్టమనండి. తీగ ఇనుప చువ్వలకి తగలకూడదు. పెట్టెని కిటికీ వైపు కాస్త తిప్పమనండి. మేమందరం అలాగే వినేవాళ్ళం.